ఆక్టేవియా 1.8 టర్బో ఇంజన్ విప్పి మళ్లీ కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

2000ల మధ్యలో మన రోడ్ల మీదికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లు ఇప్పటికీ హైదరాబాద్‌లో అక్కడక్కడా కనిపిస్తాయి. బానెట్ కింద ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాళ్ల 1.8 లీటర్ల, 20 వాల్వుల టర్బో పెట్రోల్ ఇంజన్. కంపెనీ ఇచ్చినది 150 హార్స్‌పవర్, 210 ఎన్ఎం టార్క్. ఆ బండ్ల వయసు ఇరవై ఏళ్లకు చేరింది కాబట్టి చాలా ఇంజన్లు ఇప్పుడు విప్పే దశలో ఉన్నాయి. "ఎలాగూ విప్పుతున్నాం కదా, పవర్ కూడా పెంచేద్దాం" అని దాదాపు ప్రతి ఓనరూ అంటాడు. అనుకోవడంలో తప్పేమీ లేదు. పెంచిన పవర్ ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చూసుకోవాలో ఈ ప్రశ్నల్లో చెబుతున్నాను. ఇందులో చాలా సంగతులు ఏ టర్బో పెట్రోల్ ఇంజన్‌కైనా వర్తిస్తాయి.

ఇంత పాత ఇంజన్ మీద డబ్బు పెట్టడం దండగ కాదా?

కాదు. ఈ ఇంజన్ బ్లాక్ క్యాస్ట్ ఐరన్‌ది. బోర్ 81 ఎంఎం, స్ట్రోక్ 86.4 ఎంఎం, మొత్తం 1781 సీసీ. ఐరన్ బ్లాక్ కాబట్టి అరిగిన సిలిండర్‌ని బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసుకోవచ్చు. ఇదే బ్లాక్ కుటుంబంతో ఫ్యాక్టరీయే ఆడీ టీటీలో 225 హార్స్‌పవర్ ఇచ్చింది, అందుకే పవర్ పెంచడానికి కావలసిన పార్టులు ప్రపంచమంతా తయారవుతున్నాయి. బండి బాడీ తుప్పు పట్టకుండా, వైరింగ్ ఎవరూ కెలకకుండా ఉంటే ఇంజన్ మీద ఖర్చు పెట్టొచ్చు. వైరింగ్ పాడైన బండి అయితే మాత్రం ముందు అది సరిచేయించండి. సెన్సర్ తప్పుడు రీడింగ్ ఇస్తే కొత్త ఇంజన్ కూడా ఒక్క పరుగులో పోతుంది.

ఎంత పవర్ దాకా పోవచ్చు?

ప్రశ్న టార్క్ గురించి అడగాలి. కనెక్టింగ్ రాడ్ల మీద పడే బరువు సిలిండర్ లోపలి ప్రెషర్‌ని బట్టి ఉంటుంది, ఆ ప్రెషర్‌తో పాటు పెరిగేది టార్క్. ఫ్యాక్టరీ రాడ్లు సన్నవి. 350 ఎన్ఎం దాటాక వాటిని నమ్మడం కష్టం, అందులోనూ 3000 ఆర్పీఎం దగ్గర బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ప్రెషర్) ఒక్కసారిగా తన్నేలా ట్యూన్ చేస్తే మరీ కష్టం. వంగిన రాడ్ కొంతకాలం చప్పుడు లేకుండా నడుస్తుంది, తర్వాత బ్లాక్‌కి కిటికీ పెట్టుకుని బయటికి వస్తుంది.

రోజూ ఆఫీసుకి పోయే బండికి నేను చెప్పే లెక్క 250 నుంచి 280 హార్స్‌పవర్, ఫోర్జ్‌డ్ (లోహాన్ని నొక్కి గట్టిగా చేసిన) రాడ్లు, టార్క్ 350 ఎన్ఎం దగ్గర. దానికి మించి కావాలంటే గేర్‌బాక్స్, క్లచ్, బ్రేకులు అన్నీ కలిపి వేరే లెక్క వేసుకోవాలి. మొదటి పార్ట్ కొనకముందే ఈ అంకె కాగితం మీద రాసుకోండి. టర్బో, ఇంజెక్టర్లు, కంప్రెషన్, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) అన్నీ దాన్ని బట్టే తేలతాయి. అంకె తేల్చకుండా ఒక్కో పార్టూ కొంటూ పోయినవాళ్ల బండ్లే ఏళ్ల తరబడి షెడ్డులో మూలన ఉంటాయి.

ఇంజన్ దించే ముందు చేయాల్సిన పనులేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, చాలామంది ఇక్కడే తొందరపడతారు. కంప్రెషన్ టెస్ట్ చేయించండి, దానితో పాటు లీక్‌డౌన్ టెస్ట్ కూడా. సిలిండర్‌లోకి గాలి పంపి అది ఎటు నుంచి పోతోందో వినడమే లీక్‌డౌన్. సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు.

విప్పాక పాత బేరింగ్ షెల్స్‌ని (క్రాంక్ తిరిగే చోట ఉండే సన్నటి లోహపు పొరల్ని) పారేయకండి. ఏ సిలిండర్‌ది ఏదో రాసి వరుసగా పెట్టండి. ఒక్క షెల్‌ మాత్రమే అరిగితే ఆ జర్నల్‌కి (షెల్‌లో తిరిగే క్రాంక్ భాగానికి) ఆయిల్ అందలేదని అర్థం. అన్నీ ఒకేలా గీతలు పడితే ఆయిల్‌లో చెత్త తిరిగింది. షెల్ ఒక అంచున మాత్రమే మెరుస్తుంటే రాడ్ వంగి ఉండొచ్చు. పిస్టన్ తల మీద మిరియాల పొడి చల్లినట్టు చిన్న చిన్న మచ్చలుంటే అది నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి ఒక్కసారిగా మండడం) గుర్తు. పాత ఇంజన్ ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది కడితే అదే కారణం మళ్లీ అక్కడే కూర్చుని ఉంటుంది.

బోరింగ్ షాపుకి ఏం చెప్పాలి?

ఇంజన్ ఎంతకాలం బతుకుతుందో తేలేది ఈ షాపులోనే, కాబట్టి ఈ జవాబు కాస్త పెద్దది.

మొదట పిస్టన్లు చేతికి వచ్చాకే బ్లాక్ పంపండి. "81.5 చేసేయండి" అని ఫోన్‌లో చెప్పకూడదు. ఒక్కో పిస్టన్‌నీ కొలిచి, దానికి తగ్గట్టు ఒక్కో సిలిండర్‌నీ హోనింగ్ (గోడని రాయితో రుద్ది సరైన కొలతకి తేవడం) చేయాలి. 81.5 ఎంఎంకి బోర్ చేస్తే ఇంజన్ 1803 సీసీ అవుతుంది, 83కి చేస్తే 1870. సీసీ కోసం 83కి పోవాల్సిన పని లేదు. గోడ ఎంత మందంగా మిగిలితే సిలిండర్ అంత గుండ్రంగా నిలుస్తుంది. గీతలు పోవడానికి సరిపోయినంత బోర్ చేయించి ఆపేయండి.

రెండోది టార్క్ ప్లేట్. హెడ్ బోల్టులు బిగించినప్పుడు సిలిండర్ పైభాగం కొద్దిగా వంకర పోతుంది. హెడ్ బదులు మందపాటి ఇనప ప్లేట్ బిగించి ఆ వంకరలోనే హోనింగ్ చేస్తే, ఇంజన్ కట్టాక బోర్ నిజంగా గుండ్రంగా ఉంటుంది. మామూలు రీబిల్డ్‌లో ఇది లేకపోయినా నడుస్తుంది. ఒక బార్ దాటి బూస్ట్ పెట్టే ఇంజన్‌కి మాత్రం అడిగి చేయించుకోండి. మీ ఊళ్లో ఈ ప్లేట్ లేకపోతే బ్లాక్‌ని కోయంబత్తూరు పంపడం మేలు. అక్కడ రేసింగ్ ఇంజన్ల పని ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది.

మూడోది, కొలతలు రాయించుకోండి. ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద, అదీ అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి డయల్ బోర్ గేజ్‌తో కొలిచి కాగితం మీద ఇవ్వమనండి. "పర్ఫెక్ట్‌గా వచ్చింది సార్" అన్న మాట కొలత కాదు. కాగితం ఇవ్వడానికి ఇష్టపడని షాపులో బ్లాక్ వదలొద్దు.

క్రాంక్ సంగతి. జర్నల్స్‌లో గోరు తగిలే గీత లేకపోతే పాలిష్ చాలు. గ్రైండింగ్ తప్పకపోతే జర్నల్ మూలల్లో ఉండే గుండ్రటి వంపు పోకుండా చూడమనండి. ఆ మూల పదునుగా మారితే పగులు అక్కడే పుడుతుంది. క్రాంక్‌కీ, పాత రాడ్లు వాడుతుంటే వాటికీ పగుళ్ల టెస్ట్ చేయించండి. క్రాంక్, ఫ్లైవీల్, ముందు పుల్లీ కలిపి బ్యాలెన్స్ చేయించండి. నాలుగు పిస్టన్ల బరువూ, నాలుగు రాడ్ల బరువూ ఒక గ్రాము తేడాలో ఉండాలి.

చివరిది కడగడం, దీన్ని ఎంత చెప్పినా తక్కువే. హోనింగ్ తర్వాత గోడల సందుల్లో రాయి పొడి ఉండిపోతుంది, పెట్రోల్‌తో తుడిస్తే అది పోదు. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్ది కడగాలి. ఆయిల్ గ్యాలరీల ప్లగ్గులు విప్పి, సన్నటి పొడవాటి బ్రష్ పెట్టి లోపల కూడా కడగాలి. తెల్లటి గుడ్డకి ఆయిల్ రాసి గోడ తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. బూడిద రంగు కనిపిస్తే మళ్లీ కడగాలి. కడిగిన వెంటనే ఆయిల్ పూయకపోతే మన గాలి తేమకి, ముఖ్యంగా కోస్తాలో, గంటల్లోనే తుప్పు పడుతుంది.

ఫోర్జ్‌డ్ పిస్టన్లు తప్పనిసరా?

టార్క్ 350 ఎన్ఎం దగ్గర ఉంచి, ట్యూనింగ్ జాగ్రత్తగా చేస్తే మంచి స్థితిలో ఉన్న ఫ్యాక్టరీ పిస్టన్లు ఓర్చుకుంటాయి. అయితే ఎలాగూ బోర్ చేయించి కొత్తవి కొంటున్నప్పుడు ఫోర్జ్‌డ్ కొనడమే మంచిది. వీటిలో రెండు రకాల అల్లాయ్ దొరుకుతాయి. 4032లో సిలికాన్ ఎక్కువ కాబట్టి వేడికి తక్కువ సాగుతుంది, గోడకీ పిస్టన్‌కీ మధ్య సందు తక్కువ చాలు. రోజూ నడిపే బండికి ఇది సరిగ్గా సరిపోతుంది. 2618 ఎక్కువ దెబ్బలు తింటుంది కానీ వేడికి ఎక్కువ సాగుతుంది, సందు ఎక్కువ ఇవ్వాలి, చల్లటి స్టార్ట్‌లో పిస్టన్ టకటకలాడుతుంది. సందు ఎంతో పిస్టన్ కంపెనీ కాగితం మీద ఉంటుంది. బోరింగ్ షాపు అలవాటు కొద్దీ మామూలు పిస్టన్ల సందు పెడితే ఫోర్జ్‌డ్ పిస్టన్ పట్టేస్తుంది. ఆ కాగితాన్ని బ్లాక్‌తో పాటే పంపండి.

కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకి నొక్కుకుపోతుందో చెప్పే అంకె) ఫ్యాక్టరీలో 9.5. బూస్ట్ పెంచే ఇంజన్‌కి 9 దగ్గర ఉంచితే మన పెట్రోల్‌తో ఊపిరి ఆడుతుంది.

రింగుల గ్యాప్ ఎంత పెట్టాలి?

రింగ్ వేడెక్కి సాగినప్పుడు రెండు చివరలూ కలిస్తే ఇక పోవడానికి చోటుండదు. అది గోడని గీరుతుంది, లేదా పిస్టన్ రింగ్ గాడినే విరగ్గొడుతుంది. టర్బో ఇంజన్లలో "పిస్టన్ విరిగింది" అని చెప్పే చాలా కేసుల వెనక నాకింగ్ ఉంటుంది, లేదంటే ఈ గ్యాప్ ఉంటుంది. 81.5 బోర్‌కి, 350 ఎన్ఎం స్థాయికి పై రింగ్ గ్యాప్ 0.40 నుంచి 0.48 ఎంఎం మధ్య పడుతుంది. రెండో రింగ్‌కి ఇంకొంచెం ఎక్కువ. రింగ్ కంపెనీ వేరే అంకె ఇస్తే అదే పాటించండి. ప్రతి రింగ్‌నీ అది కూర్చోబోయే సిలిండర్‌లోనే పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో చూడాలి. గ్యాప్ కొంచెం ఎక్కువైతే కాస్త ఆయిల్ తాగుతుంది. తక్కువైతే ఇంజన్ పోతుంది. అనుమానం వస్తే ఎక్కువ వైపే మొగ్గండి.

బేరింగ్‌లు, ఆయిల్ సంగతేమిటి?

మెయిన్ జర్నల్ 54 ఎంఎం, రాడ్ జర్నల్ 47.8 ఎంఎం. రెండు చోట్లా 0.04 నుంచి 0.06 ఎంఎం సందు ఉంటే మంచిది. కొలవడానికి మైక్రోమీటర్, బోర్ గేజ్ వాడండి. ప్లాస్టిగేజ్ (సందులో పెట్టి నలిపి చూసే సన్నటి ప్లాస్టిక్ దారం) చివరి చెక్‌కి మాత్రమే పనికొస్తుంది.

సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పినప్పుడు ఆయిల్ పికప్ పైపు చివరి జల్లెడ చూడండి. పాత ఇంజన్లలో అది నల్లటి మడ్డితో సగం మూసుకుపోయి ఉంటుంది. ఈ ఇంజన్‌కి స్లడ్జ్ జబ్బు బాగా తెలిసినదే. కడిగి వాడే బదులు కొత్త పికప్ వేయండి, ఆయిల్ పంప్ కూడా కొత్తదే. పాత టర్బో పగిలి ఉంటే ఆయిల్ కూలర్ మార్చాలి, ఇంటర్‌కూలర్ లోపల బాగా కడగాలి. వాటిలో ఇరుక్కున్న లోహపు రజను కొత్త బేరింగ్‌ల్లోకి, కొత్త సిలిండర్లలోకి వచ్చి చేరుతుంది.

ఆయిల్ ప్రెషర్ గేజ్ ఒకటి తప్పకుండా పెట్టించుకోండి. ఫ్యాక్టరీ ఎర్ర లైటు వెలిగేటప్పటికి పని అయిపోయి ఉంటుంది. వేడెక్కిన ఇంజన్‌లో ప్రతి వెయ్యి ఆర్పీఎంకి సుమారు 0.7 బార్ ఉంటే నిశ్చింత.

పాత బోల్టులు మళ్లీ వాడొచ్చా?

వద్దు. రాడ్, మెయిన్, హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగేలా చేసినవి. ఫ్యాక్టరీ లెక్కలో రాడ్ బోల్టుకి 30 ఎన్ఎం బిగించి ఆపై పావు చుట్టు, మెయిన్‌కి 65 ఎన్ఎం ఆపై పావు చుట్టు. ఏఆర్‌పీ లాంటి కంపెనీల బోల్టులు వేస్తే ఈ అంకెలు పనికిరావు. వాళ్లు ఇచ్చిన గ్రీజు రాసి, వాళ్లు చెప్పిన టార్క్‌కే బిగించాలి.

ఏ టర్బో?

ఫ్యాక్టరీ టర్బో కే03 చిన్నది. కిందనుంచే పికప్ బాగా ఇస్తుంది, పై ఆర్పీఎంలో ఊపిరి అందదు. 280 హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 12, 13 కిలోల గాలి కావాలి. కే03ని అంత గాలి ఇమ్మని తిప్పితే ఇచ్చేది ఎక్కువగా వేడే. 200 దగ్గర ఆగేవాళ్లకి అదే చాలు. పైకి పోయేవాళ్లు గారెట్ జీటీ28 కుటుంబంలో మధ్య సైజుది చూసుకోవచ్చు. మరీ పెద్దది కొంటే 4500 దాకా ఏమీ ఉండదు, నగరం ట్రాఫిక్‌లో ఆ బండి నడపాలంటే విసుగొస్తుంది. చవకగా దొరికే పేరులేని టర్బోలు మాత్రం వద్దు. ముక్కలైన కంప్రెసర్ వీల్ ఇంజన్‌లోకే పోతుంది.

ఆయిల్ తిరిగి సంప్‌లోకి దిగే పైపు లావుగా, వంపులు లేకుండా కిందికే పోవాలి. "కొత్త టర్బో పొగ కొడుతోంది" అన్న ఫిర్యాదుకి తరచూ కారణం ఈ పైపే.

మన ఎండలకి ఇంటర్‌కూలర్ సరిపోతుందా?

ఫ్యాక్టరీది సరిపోదు. లెక్క వేసి చూద్దాం. బయట 40 డిగ్రీలు, బూస్ట్ ఒక బార్, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుంటే టర్బో నుంచి వచ్చే గాలి దాదాపు 138 డిగ్రీలు ఉంటుంది. పెరిగిన వేడిలో 70 శాతాన్ని తీసేసే మంచి ఇంటర్‌కూలర్ పెట్టినా ఇంజన్‌లోకి పోయేది 69, 70 డిగ్రీల గాలి. అదే డిసెంబరులో బయట 20 డిగ్రీలుంటే 48 దగ్గర పోతుంది. చలికాలంలో ట్యూన్ చేసిన బండి మే నెలలో నాకింగ్ కొట్టడానికి కారణం ఈ తేడాయే.

ఫ్యాక్టరీ ఇంటర్‌కూలర్ బంపర్ మూలన చిన్నగా ఉంటుంది. రెండుసార్లు గట్టిగా లాగేసరికి అది కూడా వేడెక్కి కూర్చుంటుంది. ముందు భాగంలో పెట్టే పెద్దది వేయండి, అయితే రేడియేటర్‌కీ ఏసీ కండెన్సర్‌కీ గాలి ఆగకుండా పక్కల ఫోమ్‌తో సందులు మూయించండి. రామగుండంలోనో విజయవాడలోనో ఉండేవాళ్లకి టర్బో కన్నా ముందు నేను చెప్పే ఖర్చు ఇదే.

పెట్రోల్ ఏది పోయాలి? ఈ20తో ఇబ్బందా?

మీకు ఎప్పుడూ దొరికే పెట్రోల్‌కే ట్యూన్ చేయించండి. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 మంచిదే కానీ కొన్ని నగరాల్లో, కొన్ని బంకుల్లోనే ఉంటుంది. దానికి ట్యూన్ చేయించుకుని కర్నూలు దాటాక మామూలు పెట్రోల్ పోయించాల్సి వస్తే పిస్టన్లని పందెం కాసినట్టే. 95 ఆక్టేన్‌కి ట్యూన్ చేయించడం నా సలహా.

ఇథనాల్ నాకింగ్‌కి విరోధి, ఆ వరకు ఈ20 మనకి మేలే. ఇబ్బంది రెండు చోట్ల. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ పూర్తిగా మండాలంటే శుద్ధ పెట్రోల్ కన్నా బరువులో సుమారు 8 శాతం ఎక్కువ కావాలి. కాబట్టి ఇంజెక్టర్లు, పంపు ఆ మేరకు పెద్దవి ఉండాలి. 280 హార్స్‌పవర్‌కి నిమిషానికి 550 సీసీ ఇంజెక్టర్లు తీసుకోండి. రెండోది, ఆ కాలం నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కి చేసినవి కావు. ఇంజన్ దిగి ఉన్నప్పుడే అన్నీ మార్చేయండి. బానెట్ కింద పెట్రోల్ కారడం పవర్‌కి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది.

రీమ్యాప్ ఫైల్ (ఇంజన్ కంప్యూటర్‌కి కొత్త సెట్టింగులు) ఆన్‌లైన్‌లో కొని వేసుకోవచ్చా?

రీబిల్డ్ చేసిన ఇంజన్‌కి వద్దు. ఇంజెక్టర్లు, టర్బో, కంప్రెషన్ మారాక ఇంకెవరి బండి ఫైలూ మీ బండికి సరిపోదు. వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, నాకింగ్ లాగ్ చూస్తూ, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద మెల్లగా బూస్ట్ పెంచే ట్యూనర్ కావాలి. ఫుల్ లోడ్‌లో ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పే అంకె, 1 కన్నా తక్కువైతే పెట్రోల్ ఎక్కువని) 0.80 దగ్గర ఉంటే పెట్రోలే లోపల కొంత చల్లబరుస్తుంది. బూస్ట్‌ని 3000 దగ్గర తన్నించకుండా 4000 దాకా మెల్లగా ఎక్కించమని చెప్పండి. రాడ్లకీ గేర్‌బాక్స్‌కీ ఇది మేలు చేస్తుంది, పై పవర్ ఏమీ తగ్గదు. మే నెలలో ఒకసారి మళ్లీ లాగ్ తీయించుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ల ఫ్యూజు పీకి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పండి. గేజ్ కదిలాకే ప్లగ్గులు పెట్టండి. స్టార్ట్ అయ్యాక గంటసేపు ఐడిల్‌లో వదిలేసే అలవాటు మన గ్యారేజీల్లో ఉంది, అది మానాలి. రింగులు గోడకి కుదురుకోవాలంటే సిలిండర్‌లో ప్రెషర్ ఉండాలి. లీకులు చూసుకుని, ఇంజన్ వేడెక్కగానే రోడ్డు మీదికి తీయండి. మామూలు మినరల్ ఆయిల్‌తో, మూడో గేర్‌లో, సగం యాక్సిలరేటర్‌తో 2500 నుంచి 4500 దాకా లాగి, కాలు పూర్తిగా తీసేసి ఇంజన్ బ్రేకింగ్‌తో దిగనివ్వండి. ఇదే మళ్లీ మళ్లీ. వికారాబాద్ అనంతగిరి వైపు ఉన్నలాంటి ఎత్తుపల్లాల రోడ్డు తెల్లవారుజామున దీనికి బాగుంటుంది.

50 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ని కోసి చూడండి. సన్నటి బూడిద రంగు మెరుపు మామూలే. చేతికి తగిలే రేకులుంటే ఆపి సంప్ విప్పండి. 500కి మళ్లీ మార్చండి. వెయ్యి దాటాక సింథటిక్‌కి మారి, అప్పుడు ఫుల్ బూస్ట్ ట్యూనింగ్‌కి వెళ్లండి.

టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు?

రెండూ కొత్తవే. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. ప్లాస్టిక్ రెక్కల వాటర్ పంపు వద్దు, లోహపు రెక్కలది తీసుకోండి. రెండు క్యామ్‌ల మధ్య ఉండే చిన్న చెయిన్ టెన్షనర్ ప్యాడ్లు కూడా మార్చండి. కూలెంట్‌లో బోరు నీళ్లు కలపకండి, మన నీళ్లలోని సున్నం హెడ్ సందుల్లో పేరుకుపోతుంది.

గేర్‌బాక్స్ తట్టుకుంటుందా?

ఐదు గేర్ల 02జే బాక్స్‌కి 350 ఎన్ఎం దాదాపు హద్దు. దాని డిఫరెన్షియల్‌లో రివెట్లు ఊడితే కేసు పగులుతుంది. బాక్స్ దిగినప్పుడే రివెట్ల స్థానంలో బోల్టులు వేయించండి. క్లచ్ మీ టార్క్‌కి తగ్గదే తీసుకోండి.

ఆర్టీఓ, ఇన్సూరెన్స్ గొడవలుంటాయా?

మీ బ్లాక్‌నే బోర్ చేయించి వాడితే ఇంజన్ నంబర్ మారదు, అది పెద్ద సౌకర్యం. వేరే బ్లాక్ వేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ముందే అనుమతి తీసుకుని ఆర్సీలో మార్పించాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయకండి. మంచి హై ఫ్లో క్యాట్‌తో 280 హార్స్‌పవర్ హాయిగా వస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్‌కీ ఇబ్బంది ఉండదు. మార్పులు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఇవ్వండి. దాచిపెడితే క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

కట్టాక ఎలా చూసుకోవాలి?

వీడబ్ల్యూ 502.00 స్పెక్ ఉన్న 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్, 5000 కిలోమీటర్లకి ఒకసారి. పొద్దున్నే నీళ్ల ముల్లు మధ్యకి వచ్చిందని బూస్ట్ కొట్టకండి, ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. గట్టిగా నడిపిన రోజు ఆఖరి రెండు కిలోమీటర్లు నిదానంగా వచ్చి బండి ఆపండి, టర్బోలో ఆయిల్ మాడదు. ఐదు వందల కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ చూసి ఎంత తగ్గిందో రాసుకోండి. మెల్లగా తగ్గుతూ స్థిరంగా ఉంటే ఫర్వాలేదు. ఒక నెలలో ఉన్నట్టుండి ఎక్కువ తాగితే, పొగ కనిపించకపోయినా లీక్‌డౌన్ టెస్ట్‌కి తీసుకెళ్లండి. ఆ దశలో దొరికితే రింగులతో పోతుంది.